వన్‌టౌన్‌లో మా తాళ్ల కొట్టు

కర్నూలు గురించి రాసేవాళ్లంతా కొండారెడ్డి బురుజు దగ్గర మొదలుపెడతారు. మాది వన్‌టౌన్‌లో తాళ్ల కొట్టు కాబట్టి నేను చేంతాడు దగ్గర మొదలుపెడతాను.

పెద్దమార్కెట్‌కు పోయే దారిలో ఒక సందు తిరిగితే మా కొట్టు. కింద అంగడి, పైన ఇల్లు, ఆ పైన మిద్దె. గుమ్మం దాటగానే తాళ్లు పేనే కిత్తనార వాసన కొట్టేది. చేంతాళ్లు, పలుపులు, ముకుతాళ్లు, పగ్గాలు, ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిలి తోలేవాళ్లకు మణికట్టు లావు మోకులు, పిట్టల్ని తోలుకునే వడిసెలలు, వంటింటి ఉట్లు... అన్నీ పైకప్పు కొక్కేలకు వేలాడుతుండేవి. ఎవరైనా పొడగరి లోపలికొస్తే వంగి నడవాల్సిందే.

తాడును బారల లెక్కన అమ్మేవాళ్లం. బారంటే రెండు చేతులూ చాపితే వచ్చే కొలత. చిక్కంతా అక్కడే. మా జేజినాయన, అంటే తాత, పొట్టి మనిషి. ఆయన కొలిస్తే పది బారల తాడు బావిలో నీళ్లకు అందదని పల్లెల్లో పేరు పడిపోయింది. మా గుమాస్తా, మేము చాచా అని పిలిచే ఆయన, ఆరడుగుల మనిషి. వెల్దుర్తి నుంచి, అలంపురం నుంచి వచ్చే రైతులు గల్లాపెట్టె దగ్గర జేజినాయనకు దండం పెట్టి, "సెట్టీ, నువ్వు కూచో, భాయ్ కొలుస్తాడులే" అనేవాళ్లు. జేజినాయన నవ్వేవాడు గానీ లోపల మండేదట. చివరికి ఒక ఇనుప గజం బద్ద తెచ్చి బల్లకు కొట్టించాడు. దాన్ని ఎవరూ నమ్మలేదు. చాచా చేతులే మా అంగడికి తూనికల శాఖ.

మా జేజినాయన దశ తిరిగింది 1953లో. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది, నెహ్రూ వచ్చి ప్రారంభించాడు, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి అయ్యాడు, కర్నూలు రాజధాని అయింది. 1937 శ్రీబాగ్ ఒప్పందంలో రాజధానో హైకోర్టో ఏదో ఒకటి సీమకు ఇవ్వాలని రాసుకున్నారు కదా, ఆ మాట ప్రకారం రాజధాని మాకొచ్చింది, హైకోర్టు గుంటూరుకు పోయింది. ఇదంతా పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో లేనిది ఏమిటంటే, మద్రాసు నుంచి దిగిన ఆఫీసులకూ ఉద్యోగులకూ ఊళ్లో చోటు లేక గుడారాలు వేస్తే, ఆ గుడారాలకు తాళ్లు కావాలి, గూటాలు కావాలి. మా జేజినాయన అప్పటిదాకా ఎద్దులకు పలుపులు అమ్మినవాడు, ఉన్నట్టుండి సర్కారుకు తాళ్లు అమ్మాడు. "ప్రభుత్వాన్ని మూడేండ్లు నా తాళ్లతోనే కట్టి నిలబెట్టినా" అని ఆయన చెప్పే మాట మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. అందులో ఎంత నిజమో, ఎంత గాలికి వదిలిందో మేమెవరం అడగలేదు. బిల్లు డబ్బులు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయని జేజి అనేది. ఆ భాగం మాత్రం నిజమే అయ్యుంటుంది.

1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. పోయినప్పుడు ఊరు బావురుమందని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. అద్దెలు దిగిపోయాయి. గుమాస్తాల కోసం కొత్తగా పెట్టిన మెస్సులు మూతపడ్డాయి. మిగిలినవి క్యాంపుల పేర్లు. ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని ఇప్పటికీ ఆటోవాళ్లు కేకేస్తుంటారే, అవి ఆ రోజుల గుర్తులే. ఇప్పుడు సి క్యాంపులో దిగే పిల్లలకు అక్కడ ఎవరు 'క్యాంపు' వేశారో తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. అదే 1956లో మెడికల్ కాలేజీ వచ్చింది. రాజధాని పోతే పోయింది, పెద్దాసుపత్రి నిలబడింది. బళ్లారి వైపు నుంచి, గద్వాల వైపు నుంచి రోగులు రావడం మొదలైంది. రోగితో నలుగురు వస్తారు, నలుగురికీ టిఫిను కావాలి, దుప్పటి కావాలి, తిరిగిపోతూ సంత చేసుకోవాలి. మా వన్‌టౌన్ వ్యాపారానికి సెక్రటేరియట్ కంటే ఆసుపత్రే నమ్మకమైన గిరాకీ అని నాయన నమ్మకం. జనాభా లెక్కలు కూడా ఆయన వైపే ఉన్నాయి. 1951లో 60 వేల చిల్లర ఉన్న ఊరు, మధ్యలో రాజధాని వచ్చి పోయినా, 1961 నాటికి లక్షకు చేరింది. కొలువులు పోయాయి గానీ కొనేవాళ్లు పోలేదన్నమాట.

నాకు ఊహ తెలిసేటప్పటికి వన్‌టౌన్ అంటేనే కర్నూలు. బురుజు, పాత బస్టాండు, పెద్దమార్కెట్, పూలబజారు, చిత్తారి వీధి. ఊరు అక్కడికక్కడే. ఆ అవతల ఉండేవాళ్లు "ఊళ్లోకి పోయొస్తాం" అని చెప్పి బయల్దేరేవాళ్లు. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఎండాకాలంలో నన్నారి షర్బత్ బండి దగ్గర నిమ్మకాయ పిండే చప్పుడు. మా సందులో తెలుగు ఎంత వినపడేదో ఉర్దూ అంతే వినపడేది. మా నాయన ఉర్దూలో బేరమాడి తెలుగులో తిట్టేవాడు. చాచా తెలుగులో బేరమాడి ఉర్దూలో తిట్టేవాడు. పీర్ల పండక్కి మా అంగడి నుంచి తాళ్లు పోయేవి, వినాయక చవితి పందిళ్లకూ మా తాళ్లే. చవితి విగ్రహాలు కర్నూలు-కడప (కేసీ) కాలువ దగ్గర వినాయక ఘాట్‌కు పోయేటప్పుడు లారీ మీద విగ్రహాన్ని బిగించిన మోకు చూసి మా తమ్ముడు "మనదే, మనదే" అని ఎగిరేవాడు.

1981లో శ్రీశైలం డ్యాం నీళ్లు వెనక్కి ఎగదన్నాయి. నది వెంబడి ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ మునక ఊళ్ల జనం ఎద్దుల బండ్ల మీద, ట్రాక్టర్ల మీద సామాన్లు వేసుకుని పోతుంటే, వాటిని కట్టుకోవడానికి తాళ్లకు మా దగ్గరికి వచ్చారు. ఆ నెలల్లో గిరాకీ బ్రహ్మాండంగా ఉంది. నాయన మాత్రం అన్నం సరిగ్గా తినేవాడు కాదు. ఒకాయన పలుపులన్నీ వెనక్కి తెచ్చి, "ఎద్దుల్ని అమ్మేసినా సెట్టీ, ఇవి తీసుకో" అన్నాడు. వాడిన తాడు ఎవరు కొంటారు? నాయన తీసుకున్నాడు. ఆ జనంలో కొంతమంది పరిహారం డబ్బులతో కర్నూలు చుట్టూ స్థలాలు కొనుక్కుని ఇక్కడే ఉండిపోయారు. మునిగిపోయే గుళ్లలో కొన్నింటిని మాత్రం విప్పి వేరేచోటికి తరలించారు. సంగమేశ్వరం దగ్గరి రూపాల సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి జగన్నాథగట్టు మీద మళ్లీ పేర్చారు. మనుషుల ఊళ్లను అంత శ్రద్ధగా పేర్చిన దాఖలా నేను చూడలేదు.

ఆ తర్వాత మా వ్యాపారం మెల్లగా జారింది. పెద్ద కారణం బోరుబావి. బావి లేకపోతే చేంతాడు లేదు, కపిలి లేకపోతే మోకు లేదు, ట్రాక్టరు వచ్చాక పలుపూ లేదు, పగ్గమూ లేదు. నైలాను వచ్చింది. అది చివకదు, కాబట్టి ఒకసారి కొన్నవాడు మళ్లీ రాడు. ఇంకోపక్క ఊరు కూడా మా చేతిలోంచి జారింది. కొత్త బస్టాండు, బళ్లారి చౌరస్తా, నంద్యాల చెక్‌పోస్టు... వెడల్పు రోడ్లున్న చోటికి అంగళ్లు పోయాయి. హైదరాబాదు-బెంగళూరు హైవే మీద పోయే కారు వన్‌టౌన్ సందులోకి ఎందుకొస్తుంది? నేనూ అదే హైవే పట్టుకుని ఉద్యోగానికి హైదరాబాదు చేరాను. తమ్ముడు ఉండిపోయాడు.

2009 అక్టోబరు 2. గాంధీ జయంతి కాబట్టి అంగళ్లు చాలావరకు మూసే ఉన్నాయి. ఎగువన కర్ణాటకలో, మా జిల్లాలో కుండపోత. తుంగభద్ర పొంగింది, హంద్రీ పొంగింది. రెండూ కలిసేది మా ఊరి దగ్గరే. కింద శ్రీశైలం అప్పటికే నిండుకుండ. దానిలోకి 25 లక్షల క్యూసెక్కులు వచ్చిపడుతుంటే మా నీళ్లు ఎక్కడికి పోతాయి? ఊళ్లోకి వచ్చాయి. తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, కొట్లోకి నీళ్లొచ్చినాయి" అన్నాడు. కాసేపటికి "మెట్లెక్కుతున్నాయి" అన్నాడు. ఆ తర్వాత ఫోను కలవలేదు. హైవే మీద నీళ్లు, బస్సులు బంద్. హైదరాబాదులో టీవీ ముందు కూర్చుని మా సందు కనపడుతుందేమోనని చూస్తూ ఉన్న ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

తర్వాత తెలిసింది. ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు, మొత్తం సందులో సగం మంది మా మిద్దె మీదే ఉన్నారు. నీళ్లు పైకొస్తుంటే తమ్ముడూ చాచా కొడుకూ కొట్లోంచి నైలాను మోకుల చుట్టలు మిద్దె మీదికి చేరవేశారు. ఈ మిద్దె నుంచి ఎదురు మిద్దెకు మోకులు కట్టి, బిందెలూ బియ్యమూ అటూ ఇటూ పంపుకున్నారు. ఎదురింట్లో ఉన్న బాలింతకు పాలు కూడా ఆ మోకు మీదే పోయాయట. నైలాను చివకదని ఏళ్లపాటు దాన్ని తిట్టిన నాయన, ఆ తర్వాత ఎప్పుడూ తిట్టలేదు.

నేను చేరేటప్పటికి నీళ్లు తీశాయి, బురద మిగిలింది. మోకాటి లోతు, నల్లది, జిగట. మిరపకాయలు, బెల్లం, కిరసనాయిలు, తడిసిన జొన్నలు అన్నీ కలిసి కుళ్లిన వాసన. సందంతా సామాన్ల గుట్టలు. పెళ్లి ఆల్బములు ఎండబెట్టుకునేవాళ్లు ఒకరైతే, బంగారం దుకాణాల ముందు బురదను జల్లెడ పట్టేవాళ్లు ఇంకొకరు. మా కిత్తనార తాళ్లన్నీ ఉబ్బి, నల్లబడి, ముట్టుకుంటే పేలికలైపోయాయి.

సరుకు పోతే పోయింది, ఖాతా పుస్తకాల మీదే నాయన ప్రాణం. ఎర్ర అట్ట పద్దు పుస్తకాలు. పల్లెల బాకీలన్నీ వాటిలోనే. మిద్దె మీద చాపలు పరిచి ఒక్కో పుస్తకం విప్పాం. పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. అమ్మ చీపురుపుల్ల పెట్టి ఒక్కో కాగితం లేపుతుంటే నేను పట్టుకుని ఎండకు పరిచాను. అప్పుడు ఒక విచిత్రం కనపడింది. నాయన మొదటి నుంచీ సిరా పెన్నుతోనే రాసేవాడు, బాల్‌పెన్నుతో రాసేది రాతే కాదనేవాడు. ఆయన రాసిన పద్దులన్నీ నీలం మరకలైపోయాయి. ఒక్క పేరు కూడా మిగల్లేదు. చాచా చవక బాల్‌పెన్నుతో గీకిన పద్దులు మాత్రం కొమ్ములూ దీర్ఘాలతో సహా చెక్కుచెదరలేదు. అంటే ఏ బాకీ బతికింది, ఏది చచ్చింది అన్నది ఆ రోజు గల్లా దగ్గర ఎవరు కూర్చున్నారన్న దాన్ని బట్టి తేలిపోయింది. చాచా అప్పటికి చనిపోయి కొన్నేళ్లయింది. నాయన ఆ కాగితాల ముందు చాలాసేపు కూర్చుని, "భాయ్ రాతే గెలిచింది" అన్నాడు.

దీపావళి అటూ ఇటుగా కొట్టు మళ్లీ తెరిచాం. షట్టరు సగమే లేచేది. పల్లెల నుంచి జనం రావడం మొదలైంది. అలంపురం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి, "సెట్టీ, నా పేరు మీద ఎంతుంది?" అని అడిగాడు. వాళ్ల ఊరూ మునిగిందే. పుస్తకం పోయిందని నాయన చెప్పాడు. "పుస్తకం పోతే నేను పోతినా? నాలుగు వందల చిల్లర ఉండాల" అని రెండు వందలు బల్ల మీద పెట్టి, మిగతాది శనక్కాయలు వచ్చినాక అన్నాడు. ఇలాంటివాళ్లు ఇంకొందరు వచ్చారు. వచ్చినవాళ్ల గురించి చెప్పుకుంటాం గానీ, నిజానికి రానివాళ్లే ఎక్కువ. వాళ్లలో పెద్ద బాకీలవాళ్లు ఎవరో నాయనకు పుస్తకం లేకుండానే తెలుసు. మాకెప్పుడూ చెప్పలేదు. ఒకటి మాత్రం ఉంది. సరుకు పంపే వ్యాపారులు పైసా అడగకుండా కొత్త సరుకు లోడు దింపి, "నిలబడినాక ఇయ్యి" అన్నారు. ఆ సాయం మా సందులో చాలా అంగళ్లకు అందింది. సర్కారు బియ్యమూ సాయమూ ఇచ్చింది, బురద ఎత్తించింది, కాదనను. అంగళ్లు మళ్లీ తెరుచుకుంది మాత్రం అరువు మీద.

అయినా చాలామంది వెళ్లిపోయారు. కాస్త చేతిలో డబ్బున్నవాళ్లు వెంకటరమణ కాలనీ వైపు, నంద్యాల రోడ్డు వైపు, ఎత్తుగా ఉన్న చోట ఇళ్లు కట్టుకున్నారు. మండువా ఇళ్లు గోడౌన్లయ్యాయి. ఊరి లెక్క చూస్తే పెరుగుతూనే ఉంది. 2001లో కార్పొరేషన్ జనాభా 2 లక్షల 69 వేలు, కల్లూరు లాంటివి కలుపుకున్నాక 2011లో 4 లక్షల 30 వేలు. ఆ అంకె చెప్పుకుని మురిసిపోయేవాళ్లతో నేను వాదించను. కానీ రాత్రి తొమ్మిదికి మా సందులో ఎన్ని ఇళ్లలో లైటు వెలుగుతోందో జనాభా లెక్కలవాళ్లు రాసుకోరు. 2021లో జరగాల్సిన లెక్క ఆ ఏడు జరగనే లేదు, అది వేరే సంగతి.

ఆ ఖాళీనే తర్వాత పనికొచ్చింది. అద్దెలు తగ్గాయి కాబట్టి పెట్టుబడి లేనివాళ్లు రాగలిగారు. ఆదోని వైపు నుంచి కరువుకు వలస వచ్చిన కుటుంబం మా ఎదుటి గోడౌన్‌లో జొన్నరొట్టెల పొయ్యి పెట్టింది. ఇప్పుడు ఆసుపత్రికి, హాస్టళ్లకు వాళ్ల రొట్టెలే. సందు మొదట్లో ఒక కుర్రాడు సెల్‌ఫోన్ రిపేరు, పక్కన రాజస్థానీ ఆయన ప్లాస్టిక్ సామాన్లు. రంజాన్ నెలలో రాత్రుళ్లు కాలు పెట్టే సందు ఉండదు. బురుజుకు లైట్లు పెట్టాక ఫొటోల జనం కూడా ఇటు వస్తున్నారు. వాళ్లు తాళ్లు కొనరు గానీ నన్నారి తాగుతారు.

మా తమ్ముడు బారలు వదిలేసి టార్పాలిన్లు పట్టుకున్నాడు. కర్నూలు మార్కెట్ యార్డుకు ఉల్లిగడ్డలు వచ్చే కాలంలో మబ్బు పడితే చాలు, యార్డు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. సంచులు కుట్టే సుతిలి, లారీలు బిగించే మోకులు, గుట్టల మీద కప్పే పట్టాలు. ఉల్లి ధర బాగుంటే రైతు నగదు ఇస్తాడు. ధర పడిపోతే పట్టా బాకీ, కొన్నిసార్లు ఉల్లిగడ్డలే బాకీ కింద వస్తాయి. ధర పడిన ఏడు మా ఇంట్లో మూడు పూటలా ఉల్లిగడ్డ కారమే. గని, శకునాల అనే ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు కట్టేటప్పుడు కాంట్రాక్టర్లు కొంత సరుకు తీసుకుపోయారు. ఓర్వకల్లులో విమానాశ్రయం 2021లో మొదలైంది, దాని వల్ల మాకు తాడు ముక్క కూడా అమ్ముడుపోలేదు.

2019 చివర్లో రాష్ట్రానికి మూడు రాజధానులు, అందులో కర్నూలు న్యాయ రాజధాని అన్నారు. నెలలోపే మా సందుకు తెల్ల కార్లు వచ్చాయి. పాత ఇళ్లు చూపించమనేవాళ్లు, లాయర్లకు ఆఫీసులు కావాలనేవాళ్లు. అద్దె ఒక్కసారిగా రెట్టింపు చెప్పినవాళ్లున్నారు. నాయన అప్పటికి మంచం మీద ఉన్నాడు. తమ్ముడు ఉత్సాహంగా సంగతి చెబితే, అంతా విని, "అయితే గుడారాల తాళ్లు మళ్లా తెప్పియ్యాల్నా?" అన్నాడు. 2021 నవంబరులో ఆ మూడు రాజధానుల చట్టం వెనక్కి తీసుకున్నారు. తెల్ల కార్లు పోయాయి. 2024 నవంబరులో హైకోర్టు బెంచి కోసం అసెంబ్లీలో తీర్మానం చేశారు. కార్లు మళ్లీ కనపడుతున్నాయంటున్నాడు తమ్ముడు, ఈసారి నల్లవి. రొట్టెల పొయ్యి ఆమె మాత్రం అద్దె పెంచితే ఖాళీ చేస్తానని ఓనరుకు ఇప్పుడే చెప్పి పెట్టింది. ఆమె పోతే ఆ సందుకు పొద్దున పూట వచ్చే జనంలో సగం పోతారని ఆ ఓనరుకూ తెలుసు, పెంచడు.

నాయన పోయాక కొట్టు అమ్మేద్దామా అన్న మాట వచ్చింది. హైదరాబాదులో ఉండేవాణ్ణి కాబట్టి ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. తమ్ముడు ససేమిరా అన్నాడు. గల్లాపెట్టె పక్కన క్యూఆర్ కోడు అంటించుకున్నాడు, దాని కిందే బాకీల పుస్తకం, బాల్‌పెన్ను. ఉల్లి రైతులు ఫోనులో డబ్బులు కొట్టగలరు, అయినా కోత అయ్యాక ఇస్తామనే అంటారు. వాడూ రాసుకుంటాడు.

పై అంతస్తులో మేం పెరిగిన రెండు గదులూ ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. సున్నం వేయించాడు, మోటరు బాగుచేయించాడు. మెడికల్ కాలేజీ పిల్లలకైనా, చిన్న కుటుంబానికైనా పనికొస్తాయి. ఆరు నెలల అడ్వాన్సు అడుగుతున్నాడు, బేరమాడితే మూడుకు దిగుతాడు.